‘కై’ అంటే మాయ వదులుతుందా?

నింజా రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కత్తికి కత్తి అడ్డుపెట్టడం సులువు. ఎదుటివాడు నిప్పు ఊదితే మనం నీళ్ల విద్య ప్రయోగిస్తాం. గెంజుత్సు, అంటే మాయావిద్య, దగ్గరికొచ్చేసరికి మాత్రం పేచీ మొదలవుతుంది. “చెట్టు కొమ్మలు నిన్ను చుట్టేశాయి, కదల్లేవు” అంటాడు ఎదుటి ఆటగాడు. అదంతా మాయ అని బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. మాయలో పడ్డవాడికీ తెలుసు. తెలియనిది అతను ఆడిస్తున్న పాత్రకొక్కదానికే. ఆ పాత్రకు ఎప్పుడు అనుమానం రావాలి? ఏం చేస్తే బయటపడాలి? బయటపడినందుకు ఏం నష్టపోవాలి? ఇవాళ ఆటల్లో వాడుకలో ఉన్న జవాబులు ఒకచోట పుట్టినవి కావు. కొన్ని అమెరికాలో బొమ్మ సైనికులతో యుద్ధాలాడుకున్నవాళ్లు కట్టినవి, కొన్ని జపాన్ చవక నవలల్లో పెరిగినవి. ఒకటి రెండు దారాలు పట్టుకుని వెనక్కి పోతే కృష్ణాతీరం దాకా వస్తాం.

ముందు అందరికీ తెలిసిన మజిలీ చూద్దాం. మసాషి కిషిమోటో ‘నరుటో’ను ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో 1999లో మొదలుపెట్టి, 2014లో 700వ అధ్యాయంతో ముగించాడు. టీవీలో తెలుగు కూడా మాట్లాడిన ఆ నరుటోయే. అందులో నింజా విద్యలు ప్రధానంగా మూడు: నింజుత్సు, తైజుత్సు, గెంజుత్సు. మూడోది మాయ. శత్రువు మన మెదడులోని చక్ర, అంటే ఒంట్లోని శక్తి, ప్రవాహాన్ని పట్టుకుని పంచేంద్రియాలకూ అబద్ధం చెబుతాడు. విడిపించుకోవడానికి మన చక్రను ఒక్క క్షణం ఆపి, ఆ ప్రవాహాన్ని చెదరగొట్టాలి. వేళ్లతో ముద్ర పట్టి ‘కై’ అనడం అందుకే. అది చేతకాకపోతే తోటివాడు మనల్ని తాకి తన చక్రను లోపలికి నెట్టాలి. అదీ కుదరకపోతే నొప్పే దిక్కు.

నొప్పి దారిని కిషిమోటో బాగా వాడుకున్నాడు. గెంజుత్సులో ఆరితేరిన కురెనాయ్, ఇటాచీ చేతిలో తన మాయ తనకే ఎదురు తిరిగినప్పుడు పెదవి కొరుక్కుని బయటపడుతుంది. తయుయా వేణునాదానికి చిక్కిన షికమారు తన వేలు తానే విరుచుకుంటాడు. ఈ రెండు ఘట్టాలూ ఆటగాళ్ల నోళ్లలో తెగ నానాయి. ఆ తర్వాత పుట్టిన అభిమానుల నియమావళుల్లో ‘నొప్పితో విడుపు’ అనే షరతు లేనిది అరుదు.

నాకు మాత్రం అంతకన్నా నచ్చిన సన్నివేశం నింజాల పదోన్నతికి పెట్టే చూనిన్ పరీక్ష మొదట్లో ఉంది. కుర్రాళ్లంతా ఒక గది తలుపు ముందు తోసుకుంటుంటారు. అది మూడో అంతస్తు గది అని బోర్డు చెబుతుంది. వాళ్లు నిలబడ్డది రెండో అంతస్తులో. “ఇది నువ్వే ముందు పసిగట్టి ఉంటావు” అంటాడు ససుకే తన జట్టులోని సకురాతో. ముద్ర లేదు, చక్ర లేదు, ఎక్కిన మెట్లు లెక్కపెట్టుకుంటే చాలు. అంతకుముందు గురువు కకాషీ పెట్టిన చిరుగంటల పరీక్షలో ఆయన చూపిన మాయా ససుకేను చూసి మూర్ఛపోయిన పిల్లే ఈ సకురా. పరీక్ష చివరి అంకంలో స్టేడియం మొత్తాన్ని నిద్రపుచ్చే మాయ కమ్ముకున్నప్పుడు దాన్ని తనంతట తాను విడిపించుకున్న కొద్దిమందిలో ఆమె ఒకతె. షికమారు కూడా విడిపించుకున్నాడు గానీ, లేస్తే పని చెబుతారని నిద్ర నటించాడు. అది వేరే సంగతి.

కిషిమోటో చేతికి ఈ సరంజామా అందించినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు యమడా ఫూతారో. ఆయన నవల ‘కోగా నిన్‌పోచో’ 1958, 1959 సంవత్సరాల్లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. కోగా నింజాలు పదిమంది, ఇగా నింజాలు పదిమంది, ఎవరో ఒక పక్షం తుడిచిపెట్టుకుపోయేదాకా పోరు. వాళ్లలో ఇగా వంశపు ఒబొరో అనే అమ్మాయికి కత్తి పట్టడం రాదు, ఏ విద్యా అబ్బలేదు. ఆమె కళ్లు ఊరికే అలా చూస్తే చాలు, ఎదుటివాడి మాయావిద్య ఏదైనా ఆ క్షణాన చచ్చుబడుతుంది. మాయను ఛేదించడమే ఒక శక్తి, అదీ దానికదే పనిచేసే శక్తి అన్నమాట. ఆమె ప్రేమించినవాడు కోగా నాయకుడు గెన్నొసుకే. అతని బలమూ చూపులోనే ఉంది: చంపాలని మీదికొచ్చినవాడి కత్తి వాడికే తిరుగుతుంది. తన చూపు అతన్ని నిర్వీర్యుణ్ని చేస్తుందన్న భయంతో ఒబొరో ఏడు రాత్రులపాటు కళ్లు తెరవనివ్వని మందు పూసుకుంటుంది. మాయను విరిచే శక్తికీ ఒక ఖరీదు ఉంటుందని ఇంత పదునుగా చెప్పిన నింజా కథను నేను వేరే చదవలేదు. 2003లో ‘బసిలిస్క్’ పేరుతో మాంగాగా, 2005లో ఆనిమేగా వచ్చింది కాబట్టి ఈ తరం ఆటగాళ్లకూ ఒబొరో పరిచయమే.

ఇంకా వెనక్కి వెళ్తే వ్యవహారం మారిపోతుంది. 16వ శతాబ్దపు మాంత్రికుడిగా జపాన్ కథలు చెప్పుకునే కాషిన్ కోజీని తీసుకోండి. భయమంటే ఏమిటో తెలియదని గొప్పలు పోయిన ప్రభువు మత్సునగా హిసహిదేకు చనిపోయిన భార్యను ఎదుట నిలబెట్టి చూపించాడట. చాలు, ఆపమని ప్రభువు వేడుకున్నాకే ఆపాడట. లఫ్కాడియో హెర్న్ 1901లో ఇంగ్లీషులో చెప్పిన మరో కథలో కోజీ తెర మీద బొమ్మలోని పడవను పిలుస్తాడు, సరస్సు నీళ్లు గదిలోకి పొంగుతాయి, అతను ఆ పడవెక్కి బొమ్మలోకే వెళ్లిపోతాడు. ఈ రెండు కథల్లోనూ చూసేవాడి చేతిలో ఏమీ లేదు. మాయ వేసినవాడు తియ్యాలి, లేదా వెళ్లిపోవాలి. మన రామాయణంలోనూ అంతే కదా. ఇంద్రజిత్తు మాయాసీతను నరికినప్పుడు హనుమంతుడు కళ్లారా చూసి నమ్మాడు, ఆ వార్త విని రాముడు కుప్పకూలాడు. అది మాయ అని చెప్పడానికి లంక గుట్టు తెలిసిన విభీషణుడు రావలసివచ్చింది.

చేతి ముద్రల దారి ఇంకా పొడుగు. నరుటోలో ముద్రలు పన్నెండు, రాశిచక్రంలోని జంతువుల పేర్లతో. అంతకుముందు కబుకి నాటకరంగం మీద నిక్కి దంజో అనే దుష్టపాత్ర ఎలుక రూపం విడిచి, నోట కాగితపు చుట్ట కరుచుకుని, వేళ్లు ముడిచి ముద్ర పట్టి నేల కిందినుంచి లేచేది. ఆ నాటకం, ‘మేయిబొకు సెందాయి హగి’, 1777 నాటిది. 1921లో షోజో మకినో తీసిన మూకీ ‘గోకెత్సు జిరాయియా’లో ఓనొయె మత్సునొసుకే కెమెరా కిటుకులతో మాయమై, కప్పగా మారాడు. జిరాయియా, ఒరొచిమరు, త్సునదే పేర్లు కిషిమోటో సొంతం కాదు, 1839 నుంచి భాగాలుగా వెలువడిన ఆ జిరాయియా కథలవి. వాళ్లకు తోడుండే కప్ప, పాము, నత్త కూడా అక్కడివే.

ఆ ముద్రలు నాటకాల్లోకి వచ్చింది కొండల్లో తపస్సు చేసే షుగెన్‌దో సాధకుల నుంచి, షింగోన్ బౌద్ధం నుంచి. నింజాలకు అంటగట్టే తొమ్మిది అక్షరాల రక్షామంత్రం చైనాలో 4వ శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో, కొండల్లోకి వెళ్లేవారి కోసం చెప్పింది. ముద్రలు మాత్రం భారతదేశపు తంత్రానివి. జపాన్ భిక్షువు కూకాయ్ చైనా వెళ్లి, 806లో తిరిగివచ్చి షింగోన్‌ను స్థాపించాడు. ఆ గురుపరంపరలో మూడోవాడు నాగార్జునుడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప గోపురం తలుపు తెరిచి అతను ఆ రహస్య గ్రంథాలు అందుకున్నాడని వాళ్ల ఐతిహ్యం. ఆ గోపురం మన అమరావతి స్తూపమేనని ఊహించిన పండితులున్నారు. ఊహ ఊహే గానీ, ‘కై’ అంటూ వేళ్లు కలిపే పిల్లవాడికి ఆ సంగతి చెప్పాలనిపిస్తుంది.

నాగార్జునుడిది ఇంకో కథ ఉంది, మన విషయానికి సూటిగా తగిలేది. కుమారజీవుడి పేరున చైనీసులో ఉన్న జీవితగాథ దాన్ని చెబుతుంది, 12వ శతాబ్దపు జపాన్ సంకలనం ‘కొంజాకు మొనొగతారి’ మళ్లీ చెప్పుకుంది. వయసులో ఉండగా అతనూ స్నేహితులూ అదృశ్యమయ్యే మందు సంపాదించి రాజుగారి అంతఃపురంలో చొరబడ్డారు. రాజు గాబరాపడలేదు. నేలంతా మెత్తని పొడి చల్లించాడు. కనపడని మనుషులకూ అడుగుజాడలు పడతాయి కదా. భటులు ఆ జాడల మీద గాలిలో కత్తులు ఝళిపించారు, స్నేహితులు చచ్చారు, నాగార్జునుడు ఒక్కడు తప్పించుకుని ఆనక సన్యసించాడు. సకురా మెట్లు లెక్కపెట్టినట్టే ఈ రాజూ కంటిని పక్కనపెట్టి నేలను అడిగాడు. కాకపోతే ఆయన మాయకు బయటివాడు. లోపల చిక్కినవాడికి తప్పించుకునే హక్కు ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఆ హక్కు ఇచ్చింది ఆటలు. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో ప్రచురించిన ‘చెయిన్‌మెయిల్’ అనే బొమ్మ సైనికుల యుద్ధాట చివర మాయామంత్రాల అనుబంధం ఉంది. అందులో ఒకటి లేని సేనను ఉన్నట్టు చూపేది. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆ మంత్రానికి తర్కం కట్టింది. వేసినవాడు మనసు నిలిపినంతసేపే మాయ ఉంటుంది. ప్రాణి తాకితే పోతుంది. నిజమని నమ్మితే దాని దెబ్బ కూడా నిజమే. ఆ చివరి వాక్యంలోంచి తర్వాతి యాభై ఏళ్ల తగవులన్నీ పుట్టాయి. నమ్మితేనే దెబ్బ అయితే, నమ్మనని అనేస్తే సరిపోతుందిగా!

ఆటగాళ్లు సరిగ్గా అదే చేశారు. డ్రాగన్ కనిపించినా, గోడ అడ్డొచ్చినా “నేను నమ్మను” అనడం ఒక అలవాటుగా మారింది. ఆటను నడిపేవాడి దగ్గర దానికి విరుగుడు ఒకటే: నిజం డ్రాగన్‌ను దింపడం. నమ్మనని చేతులు కట్టుకు నిలబడ్డవాణ్ని అది నమిలేసేది. 1975 నాటికి మాయావులకు ప్రత్యేకమైన తరగతి వచ్చింది, 1978 నియమపుస్తకంలో దాని మంత్రాలు పెరిగాయి. వాటిలో బాధితుడి మనసులోని భయాన్నే హంతకుడిగా చేసి వదిలేది ఒకటి ఉంది. పక్కవాళ్లకు ఏమీ కనపడదు, నమ్మినవాడు చస్తాడు. నరుటోలో ఇటాచీ వేసే త్సుకుయొమి అనే గెంజుత్సుకు ఇది దూరపు పెద్దన్న అనుకోవచ్చు.

2000లో వచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ మూడో కూర్పు తగవు తీర్చింది. ఊరికే నమ్మననడం చెల్లదు. మాయను పరిశీలించాలి, తాకాలి, దానితో ఏదో ఒక వ్యవహారం పెట్టుకోవాలి. అప్పుడే మనోబలం మీద ఇరవై ముఖాల పాచిక వేసే అవకాశం. ముందే బయటపడ్డవాడు “అది మాయరా” అని చెబితే మిగతావాళ్ల పాచికకు 4 కలుస్తుంది. విభీషణుడి విలువ 4 అన్నమాట. 2014 కూర్పు మరో మలుపు తిప్పింది. ఎన్నో మాయలకు మనోబలం బదులు బుద్ధితో ఆరా తీసే పరీక్ష పెట్టి, అందుకు ఆ వంతులో చేయగల చర్య ఖర్చవుతుందంది.

జపాన్ నింజా కథలు, అమెరికా ఆటల నియమాలు అనే ఈ రెండు పాయలూ కలిసింది అభిమానుల చేతుల్లో. ఆ మూడో కూర్పును ప్రచురించిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000లో ఇరవై ముఖాల పాచిక మీద నడిచే తన డి20 నియమాలను ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఇవ్వడంతో, నరుటో లోకాన్ని ఆ చట్రంలో బిగించినవాళ్లు బయల్దేరారు. గెంజుత్సుకు మనోబలపు పాచిక తగిలించారు, ‘కై’కి చక్ర ఖర్చు పెట్టారు, వేలు విరుచుకుంటే ఆ చేతితో ముద్రలు పట్టడం కష్టమన్నారు. వంతులవారీగా పేరాలు రాసుకుంటూ ఆడేవాళ్లు పాచికే వద్దన్నారు. వాళ్లది ఒకటే పట్టుదల: ‘కై’ అనే ముందు నీ పాత్రకు అనుమానం ఎందుకొచ్చిందో రాయి. గాలి లేకుండా ఆకు కదిలిందా, చచ్చినవాడు పలకరించాడా, చూపించు. కారణం రాయకుండా ముద్ర పట్టినవాణ్ని మెటాగేమింగ్ చేశావని, అంటే నీకు తెలిసింది పాత్రకూ తెలిసినట్టు ఆడావని, నిలదీస్తారు. నా ఓటు వీళ్లకే. ఆటగాడు ఎలాగూ మాయలో పడడు కాబట్టి, పడ్డట్టు నిజాయితీగా రెండు వంతులు ఆడగలగడమే అసలు పనితనం.

పాచిక వేయించేవాళ్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంది. “మనోబలం మీద పాచిక వెయ్యి” అనగానే అక్కడ మాయ ఉందని చెప్పేసినట్టే. అందుకని కొందరు తెర చాటున తామే వేస్తారు. ఇంకొందరు ఏమీ లేనప్పుడూ మధ్యమధ్య ఉత్తుత్తిగా వేయిస్తారు.

జపాన్‌లో తొయిచిరో కవషిమా రాసిన నింజా ఆట ‘షినోబిగామి’ దీన్ని వేరే వైపునుంచి పట్టుకుంది. ప్రతి ఆటగాడికీ ఒక కాగితం ఇస్తారు. ముందువైపు అందరికీ కనిపించే కర్తవ్యం, వెనకవైపు తనకొక్కడికే తెలిసిన రహస్యం. తమ్ముణ్ని కాపాడతానని తిరిగేవాడి కాగితం వెనక ఏముందో ఎదుటి పాత్రకే కాదు, దాన్ని ఆడిస్తూ ఎదుట కూర్చున్న మనిషికీ తెలియదు. నటించాల్సిన అవసరమే ఉండదు. తెలుసుకోవాలంటే తన వంతు సన్నివేశం ఖర్చుపెట్టి, రెండు పాచికలు వేసి నెగ్గాలి. ఇందులోనూ తోటివాడి సాయానికి చోటుంది. ఎవరి మీదైనా మీ పాత్ర ఒక భావం పెంచుకుని ఉంటే, ఆ మనిషి సంపాదించిన రహస్యం మీకూ దానంతటదే తెలిసిపోతుంది. ఆ భావం స్నేహమో ప్రేమో కానక్కర్లేదు. చంపాలన్నంత కసి ఉన్నా చెల్లుతుంది.