చెట్టు బెరడు కలిపిన రొట్టె



కరువు రోజుల్లో ఆకులూ దుంపలూ ఉడికించుకు తిన్న సంగతులు పెద్దల నోట విన్నవారు మీలో చాలామందే ఉంటారు. ఉత్తర ఐరోపాలోని ఫిన్లాండు ప్రజల భోజనం కథ అటువంటి వారికి పరాయిదిగా తోచదు.

ఆ దేశంలో చలికాలం దీర్ఘం, పంటకాలం స్వల్పం. చలికి ఓర్చుకునే రై అనే ధాన్యమే వారికి తరతరాలుగా ఆధారం. ఆ పిండిని పులియబెట్టి నల్లని రొట్టె కాలుస్తారు. పిండి కలిపే కొయ్యతొట్టిని పూర్వం కడిగేవారు కాదు. అడుగున అంటుకున్న పిండే మరుసటి రొట్టెకు పులుపు. మనం పాలలో మజ్జిగ తోడు వేసినట్టే అన్నమాట. పశ్చిమ ప్రాంతంవారు ఏడాదికి కొద్దిసార్లే, నడుమ చిల్లి ఉన్న పల్చని రొట్టెలు కాల్చి, కర్రకు గుచ్చి, ఇంటికప్పు కింద ఆరబెట్టేవారు. తూర్పువారు తరచుగా మందపాటి మెత్తని రొట్టె కాల్చుకునేవారు. దానితోపాటు ఉప్పుచేప, పుల్లని పాలు, జావ, టర్నిప్ దుంప. బంగాళాదుంప 18వ శతాబ్దంలో గాని అక్కడికి చేరలేదు.

మరి పంట పోయిన ఏడు ఏం తినేవారు? దేవదారు జాతికి చెందిన పైన్ చెట్టు బెరడు ఒలిచి, లోపలి తెల్లని పొరను ఎండబెట్టి, చేదు తగ్గేలా వేయించి, దంచి, రై పిండిలో కలిపేవారు. రూనెబెర్గ్ అనే కవి 1830లో రాసిన ఒక గేయంలో పావో అనే పేద రైతు ఉన్నాడు. ఏటా పంట పోయి బెరడు రొట్టె తిన్న ఆ రైతు, చివరకు మంచి పంట పండినా మళ్ళీ బెరడు కలపమంటాడు. ఎందుకంటే ఈసారి పొరుగువాడి చేను మంచుకు మాడిపోయింది.

1866 నుంచి 1868 వరకు ఆ దేశాన్ని మహాక్షామం కుదిపింది. 1867లో వసంతం ఆలస్యమైంది. సెప్టెంబరు మంచు పండీ పండని పైరును కాల్చేసింది. తిండి వెతుక్కుంటూ ఊళ్ళు విడిచిన జనంతోపాటు అంటురోగాలు నడిచాయి. జనాభాలో సుమారు 8 శాతం, అంటే పన్నెండుమందిలో ఒకరు, మరణించారు. సరిగ్గా ఆ 1866లోనే ఒరిస్సా, గంజాం సీమలూ కరువుతో అల్లాడాయి. అక్కడ మంచు, ఇక్కడ అనావృష్టి. ఆకలి మాత్రం ఒక్కటే.

ఆ జాతి ఆకలిని మరచిపోలేదు. బడిపిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టాలని 1943లో చట్టం చేసి, 1948 నాటికి పూర్తిగా అమలుపరచింది. స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళయిన 2017లో, ప్రజలు ఓటువేసి తమ జాతీయ ఆహారంగా ఎన్నుకున్నది విందు వంటకాన్ని కాదు, ఆ నల్లని రై రొట్టెనే.

మీ ఇంట్లో పెద్దవారుంటే, కరువు నాడు ఏం తిన్నారో ఈ పూట అడిగి తెలుసుకోండి. అదీ చరిత్రే. సెలవు.