తుపాకీది పావు వంతే

1948 జూన్ 16 ఉదయం మలయా (నేటి పశ్చిమ మలేసియా)లోని పెరాక్ రాష్ట్రంలో, సుంగై సిపుట్ అనే పట్టణం దగ్గరి రబ్బరు తోటల్లో ముగ్గురు తెల్లదొరలను కాల్చి చంపారు. రెండు రోజులు తిరగకుండానే బ్రిటిష్ ప్రభుత్వం దేశమంతటా ఎమర్జెన్సీ ప్రకటించింది. పన్నెండేళ్లు సాగిన ఆ పోరులోంచి ఒక పద్ధతి పుట్టింది. జనం మనసులు గెలిస్తే తిరుగుబాటు తగ్గుతుందనే ఆ పద్ధతి సైనిక కళాశాలల్లో పాఠమైంది. వియత్నాం నుంచి ఇరాక్ దాకా పరాయి గడ్డ మీద కాలుపెట్టిన సేనాధిపతులు దాన్ని తిరగేశారు. ఇలాంటి తిరుగుబాట్లను సైన్యం తీరుస్తుందా, చర్చలు తీరుస్తాయా అన్న వాదం లేచినప్పుడల్లా ఇరుపక్షాలూ మలయానే సాక్ష్యానికి పిలుస్తాయి. ఆ పద్ధతి ఎవరి చేతుల్లో, ఏ తప్పుల మధ్య రూపు కట్టిందో వరసగా చూస్తే ఆ సాక్ష్యం ఎవరి వైపు ఉందో తెలుస్తుంది.

అడవి అంచున ఐదు లక్షల మంది

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం మలయాను ఆక్రమించినప్పుడు అడవుల్లో ఉండి ఎదిరించింది మలయా కమ్యూనిస్టు పార్టీ. అందులో ఎక్కువమంది చైనీయులు. వాళ్లకు ఆయుధాలిచ్చి, శిక్షణ ఇచ్చింది బ్రిటిష్ వాళ్లే. యువనాయకుడు చిన్ పెంగ్‌కు యుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ పురస్కారం కూడా ప్రకటించింది. 1947లో పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యేనాటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు.

1948 ఫిబ్రవరిలో ఏర్పడిన మలయా ఫెడరేషన్, పౌరసత్వానికి పెట్టిన షరతులతో చైనీయుల్లో అత్యధికులను బయటే నిలబెట్టింది. తోటల్లో, గనుల్లో సమ్మెలు ముదిరాయి. జూన్‌లో కార్మిక సంఘాల సమాఖ్యను నిషేధించారు. చట్టబద్ధంగా మాట్లాడే దారులు ఒక్కొక్కటే మూసుకుపోతుంటే పార్టీలో తుపాకీ వైపు మొగ్గినవాళ్ల మాట నెగ్గింది. దళాలు అడవిలోకి వెళ్లాయి. ఉధృతంగా ఉన్న రోజుల్లో గెరిల్లాల సంఖ్య దాదాపు 8,000.

ఆ 8,000 మందికి తిండి ఎక్కడిది? 1930ల మాంద్యంలో పనులు పోయి, తరువాత జపాన్ వాళ్ల దౌర్జన్యానికి భయపడి, చైనీయ కుటుంబాలు పట్టణాలు వదిలి అడవి అంచులకు చేరాయి. పోడు కొట్టుకుని, కూరగాయలు, కర్రపెండలం పండించుకుని బతికాయి. అలాంటివాళ్లు ఐదు లక్షల దాకా ఉన్నారు. వాళ్ల భూమికి పట్టా లేదు. ఊళ్లో బడి లేదు, ఠాణా లేదు. చేతిలో ఓటు లేదు. దళాలకు బియ్యం, మందులు, కబుర్లు వీళ్ల నుంచే అందేవి. కొందరు అభిమానంతో ఇచ్చారు, కొందరు భయంతో ఇచ్చారు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే దళాలు బతకనిచ్చేవి కావు.

గాలింపుల కాలం

మొదటి రెండేళ్లూ సైన్యం తనకు తెలిసిన పనే చేసింది. వందల మంది సైనికులు వరసకట్టి అడవిని గాలించారు, విమానాల నుంచి బాంబులు వేశారు. దళాలు ఆ చప్పుడు విని తప్పుకునేవి. కోపం పల్లెల మీద తీరింది. 1948 డిసెంబరు 12న బాతాంగ్ కాలి అనే తోటలో స్కాట్స్ గార్డ్స్ సైనికులు 24 మంది నిరాయుధులను కాల్చి చంపారు. వేలాది మందిని విచారణ లేకుండా నిర్బంధించారు, వేలమందిని ఓడలెక్కించి చైనాకు పంపేశారు.

చట్టం కూడా కత్తిలాగే పనిచేసింది. ఆయుధం దగ్గరుంటే ఉరి. తోటల కార్మికుల్లో పేరున్న భారతీయ సంఘనాయకుడు ఎస్.ఎ. గణపతిని అలాగే 1949 మేలో కౌలాలంపూర్ పుడు జైలులో ఉరితీశారు. ఆపాలని భారత ప్రభుత్వం చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఇంత చేసినా 1950 నాటికి దాడులు తగ్గకపోగా పెరిగాయి. చంపడం వల్ల గెరిల్లాలు తరగలేదు. చంపిన తీరు వల్ల పెరిగారు.

బ్రిగ్స్ గీసిన కంచె

1950 ఏప్రిల్‌లో కార్యకలాపాల డైరెక్టరుగా వచ్చిన హరాల్డ్ బ్రిగ్స్ బర్మా యుద్ధరంగం చూసి రిటైరైన జనరల్. దళాల వెంట పరుగెత్తడం మాని, దళాలకు అన్నం అందే దారి మూయాలన్నాడాయన. ప్రతి జిల్లాలో పోలీసు, సైన్యం, పౌర అధికారి ఒకే బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసే కమిటీలు పెట్టాడు. అడవి అంచు కుటుంబాలను దాదాపు 480 'కొత్త గ్రామాల'కు తరలించాడు.

తరలింపు దయగా జరగలేదు. తెల్లవారుజామున సైనికులు గుడిసెలను చుట్టుముట్టేవారు. సామాను లారీకెక్కించేవారు. వెనక గుడిసె, పైరు తగలబడేవి. కొత్త ఊరి చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదాలు, రాత్రి కర్ఫ్యూ. బియ్యం కొలిచి ఇచ్చేవారు. దాచి అడవికి చేర్చకుండా డబ్బాలకు చిల్లు పొడిచి అమ్మమని దుకాణదారులకు హుకుం. తరువాతి సంవత్సరాల్లో కొన్నిచోట్ల బియ్యం అమ్మడమే ఆపి, ఒకే వంటశాలలో వండి అన్నం పంచారు. వండిన అన్నం పులిసిపోతుంది, అడవి దాకా వెళ్లదు కదా!

రబ్బరు తోటల కార్మికుల లైన్లనూ ఒకచోటికి జరిపి కంచె వేశారు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఒకటి రెండు తరాల ముందు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు పనిచేసిన తోటలు కూడా ఈ పోరు నడిచిన నేల మీదివే. తెల్లారక ముందే చెట్లకు గాటు పెట్టడానికి వెళ్లే రబ్బరు కార్మికుడు దళానికీ పోలీసుకూ మధ్య నలిగిపోయాడు. యుద్ధచరిత్రలు అతని గురించి చెప్పేది తక్కువ.

ఈ పథకానికి అదృష్టం కూడా తోడైంది. 1950లో కొరియా యుద్ధం మొదలై రబ్బరు, తగరం ధరలు ఆకాశానికెక్కాయి. కొత్త గ్రామాలకు కావలసిన డబ్బు ఖజానాకు చేరింది.

1951 అక్టోబరు

అయినా గెలుపు కనిపించలేదు. 1951 అక్టోబరు 6న ఫ్రేజర్స్ హిల్ దారిలో మాటు వేసిన దళం బ్రిటిష్ హైకమిషనర్ హెన్రీ గర్నీని చంపింది. లండన్ అదిరిపోయింది. విచిత్రమేమంటే అదే నెలలో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం తన వాళ్లకు రహస్య ఆదేశాలు పంపింది: మామూలు జనాన్ని బాధించవద్దు, రబ్బరు చెట్లు నరకవద్దు, గుర్తింపు కార్డులు లాక్కోవద్దు అని. జనం దూరమవుతున్నారని పార్టీకి తెలిసిపోయింది.

సరిగ్గా ఆ నెలలోనే మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది. కొద్ది నెలల్లోనే నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిని నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. తెలంగాణలో తుపాకీ దించినవాడికి బ్యాలెట్ పెట్టె ఎదురైంది. మలయాలో 1951లో తుపాకీ దించినవాడికి అలాంటి దారి ఏదీ తెరిచి లేదు. అక్కడ పోరు మరో తొమ్మిదేళ్లు సాగడానికి కారణాల్లో ఇది పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను.

టెంప్లర్ తెచ్చిన ఆదేశం

1952 ఫిబ్రవరిలో వచ్చిన జనరల్ జెరాల్డ్ టెంప్లర్‌కు పౌర, సైనిక అధికారాలు రెండూ కట్టబెట్టారు. ఆయన వెంట వచ్చిన ఆదేశంలో అసలైన మార్పు ఉంది. మలయా తగిన సమయంలో స్వయంపాలన గల దేశం కావాలన్నదే బ్రిటిష్ విధానమని అందులో రాసి ఉంది. కాల్పులది పావు వంతే, మిగతా ముప్పావు వంతు ఈ దేశ ప్రజలను మన వెంట నిలుపుకోవడంలో ఉందని టెంప్లర్ చెప్పేవాడు.

ఆయన సాధువు కాడు. మార్చిలో తంజోంగ్ మాలిమ్ దగ్గర మాటుదాడిలో పన్నెండు మంది చనిపోతే ఊరంతటికీ రోజుకు 22 గంటల కర్ఫ్యూ విధించి, బియ్యం రేషన్ తగ్గించాడు. అదే మనిషి కొత్త గ్రామాలకు ఎన్నికైన స్థానిక మండళ్లు పెట్టించాడు. 1952 సెప్టెంబరులో అమలైన పౌరసత్వ చట్టంతో పది లక్షలకు పైగా చైనీయులు, లక్షకు పైగా భారతీయులు పౌరులయ్యారు. 1953 సెప్టెంబరులో మలక్కాలో కొంత ప్రాంతాన్ని 'తెల్ల ప్రాంతం'గా ప్రకటించి కర్ఫ్యూ, రేషన్, సోదాలు ఎత్తేశారు. దళాలకు దూరంగా ఉంటే మామూలు బతుకు తిరిగి వస్తుందని జనం కళ్లారా చూశారు.

రాజకీయం మాత్రం జనరళ్ల చేతిలో లేదు. 1949లో టాన్ చెంగ్ లాక్ నాయకత్వంలో పుట్టిన మలయా చైనీయ సంఘం, మలయ్‌ల పార్టీ ఉమ్నోతో 1952 కౌలాలంపూర్ పురపాలక ఎన్నికల్లో చేతులు కలిపింది. భారతీయుల కాంగ్రెస్ తరువాత చేరింది. 1955 జూలై ఎన్నికల్లో ఆ కూటమి 52 స్థానాల్లో 51 గెలిచింది. తుంకూ అబ్దుల్ రహ్మాన్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశం తరఫున మాట్లాడటానికి దేశపు మనిషి దొరికాడు.

బాలింగ్ బడిలో రెండు రోజులు

1955 డిసెంబరు 28, 29 తేదీల్లో కెడా రాష్ట్రంలోని బాలింగ్‌లో ఒక బడి గదిలో తుంకూ, టాన్ చెంగ్ లాక్, సింగపూర్ ముఖ్యమంత్రి డేవిడ్ మార్షల్ ఒకవైపు, అడవిలోంచి వచ్చిన చిన్ పెంగ్, చెన్ టియన్, రషీద్ మైదిన్ మరోవైపు కూర్చున్నారు. పార్టీని గుర్తించాలని చిన్ పెంగ్ అడిగాడు, లొంగిపోవాలని తుంకూ పట్టుబట్టాడు. చర్చలు విఫలమయ్యాయి. అయితే మలయా భద్రత, రక్షణ ఎన్నికైన ప్రభుత్వం చేతికి వస్తే పోరు ఆపుతామని చిన్ పెంగ్ అక్కడే అన్నాడు. తుంకూ ఆ మాటను పట్టుకుని మరుసటి నెలలో లండన్ వెళ్లాడు, స్వాతంత్ర్యానికి హామీతో తిరిగి వచ్చాడు. 1957 ఆగస్టు 31న మలయా స్వతంత్ర దేశమైంది.

పరాయి పాలన మీద పోరు అన్న మాటకు ఆ రోజుతో అర్థం పోయింది. 1958లో దక్షిణ మలయా నాయకుడు హోర్ లుంగ్ లొంగిపోయి దాదాపు 160 మందిని అడవి దాటించాడు. 1960 జూలై 31న ఎమర్జెన్సీ ముగిసింది. అప్పటికి 6,700 మందికి పైగా గెరిల్లాలు, 1,800 మందికి పైగా భద్రతా సిబ్బంది, దాదాపు 2,500 మంది పౌరులు చనిపోయారు.

ఎగుమతైన కంచె

మలయాలో పనిచేసిన అధికారి రాబర్ట్ థాంప్సన్ 1961లో సలహాదారుగా దక్షిణ వియత్నాం వెళ్లాడు. 1962లో అక్కడ 'వ్యూహాత్మక గ్రామాలు' మొదలయ్యాయి. మలయాలో తరలించింది పట్టా లేనివాళ్లను. వియత్నాంలో రైతులను తాతముత్తాతల సమాధులున్న పొలాల నుంచి కదిలించారు. మలయా తిరుగుబాటు ప్రధానంగా ఒక జాతికే పరిమితం, బయటి సాయం దాదాపు లేదు. వియత్నాం ఉద్యమానికి ఉత్తరాన ఒక ప్రభుత్వమే అండ. అన్నిటికంటే ముఖ్యం, సైగాన్ పాలకుడు డియెమ్ కంచె వేశాడు గానీ కంచె లోపలి మనిషికి అధికారంలో వాటా ఇవ్వలేదు. 1963 నవంబరులో కుట్రలో డియెమ్ హతుడయ్యాక ఆ పథకమూ కూలిపోయింది.

మలయాలో కూడా కథ 1960లో పూర్తిగా ముగియలేదు. థాయ్ సరిహద్దు అడవుల్లో మిగిలిన దళాలు 1968లో మళ్లీ పోరు మొదలెట్టాయి. దాన్ని ముగించింది 1989 డిసెంబరు 2న థాయ్‌లాండ్‌లోని హాట్ యాయ్‌లో మలేసియా, థాయ్ ప్రభుత్వాలతో పార్టీ చేసుకున్న ఒప్పందం. బాలింగ్‌లో చర్చలను తెంచిన లొంగుబాటు షరతు అందులో లేదు. దళాలు తమ ఆయుధాలను తామే ధ్వంసం చేశాయి. చిన్ పెంగ్‌ను మాత్రం మలేసియా తిరిగి రానివ్వలేదు. 2013లో బ్యాంకాక్‌లో చనిపోయాడు.

బలగం అక్కర్లేదని ఈ చరిత్ర చెప్పదు. దళాలు బలహీనపడకపోతే చిన్ పెంగ్ బాలింగ్ బడి దాకా వచ్చేవాడు కాడు. కానీ బలగం సంపాదించి పెట్టింది సమయాన్ని మాత్రమే. ఆ సమయంలో పౌరసత్వం, ఎన్నికలు, స్వాతంత్ర్యపు తేదీ వచ్చాయి కాబట్టే అది గెలుపైంది. అవి ముందే ఇవ్వగలిగి ఉంటే, పదివేలకు పైగా ప్రాణాల్లో ఎన్నో దక్కేవి. అందుకే మరో దేశానికి సైన్యాన్ని పంపే ప్రభుత్వాన్ని, ఎన్ని బెటాలియన్లు పంపుతున్నారని అడిగే ముందు, అక్కడి మనుషులకు ఏం అప్పగించి, ఎప్పుడు తిరిగి వస్తారని అడగాలి. దానికి జవాబు లేని చోట సైన్యాన్ని పంపడం యుద్ధాన్ని పొడిగించడమే అవుతుంది.