చిరునామా లేని దీపాలు: గృహ దీపనియంత్రణ పెట్టె పరిణామం

వ్యాససంగ్రహం: ఒక్కొక్క దీపాన్ని విడిగా నియంత్రించగల ఎల్‌ఇడి పట్టీలను ‘అడ్రెసబుల్’ పట్టీలని వ్యవహరిస్తున్నాం. అయితే వాటిలో బహుళ వ్యాప్తి పొందిన రకంలో ఏ దీపానికీ చిరునామా లేదు. చిరునామా ఎప్పుడు, ఎందుకు తొలగిపోయింది, దాని ఫలితంగా ఇంట్లోని నియంత్రణ పెట్టెపై ఏ బాధ్యతలు పడ్డాయి అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఎల్‌ఇడి, ఎక్స్-10, డిఎమ్ఎక్స్-512, డబ్ల్యుఎస్2812, నియంత్రణ పెట్టె.

1. చిరునామా పరికరం మీద ఉన్న దశ

ఇంట్లోని దీపాలకు చిరునామా ఇచ్చిన తొలి వ్యవస్థల్లో ఎక్స్-10 ముఖ్యమైనది. దీనిని 1975లో స్కాట్లాండుకు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ రూపొందించింది. ఇంటి కరెంటు తీగలే సంకేతాలకు దారి. గృహసంకేతాలు 16, పరికరసంఖ్యలు 16. వెరసి 256 చిరునామాలు. పరికరం మీది చిన్న చక్రాలను తిప్పి గృహస్థుడే వాటిని నిర్ణయించేవాడు. ఒక ఆజ్ఞ చేరడానికి అర సెకనుకు పైగా పట్టేది. దీపం వెలిగించడానికి, ఆర్పడానికి ఆ వేగం చాలు. రంగులను కదిలించడానికి చాలదు.

రంగస్థల అవసరాల కోసం అమెరికాలో 1986లో డిఎమ్ఎక్స్-512 ప్రమాణం వెలువడింది. ఒక తీగపై 512 విలువలు సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో ప్రయాణిస్తాయి. ప్రతి దీపమూ తనకు కేటాయించిన సంఖ్య నుంచి తన విలువలను తీసుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన దీపానికి మూడు విలువలు కావాలి కనుక ఒక తీగపై 170 దీపాలకు మించి వేర్వేరుగా నడపలేము.

2. చిరునామా తొలగిన దశ

1993లో జపానులోని నిచియా సంస్థ ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఇడిని విపణిలోకి తెచ్చాక మూడు మూలవర్ణాలూ సమకూరాయి. 1997లో అమెరికాలో స్థాపితమైన కలర్ కైనెటిక్స్ సంస్థ రంగులు మార్చే ఎల్‌ఇడి దీపాలను భవనాలకు పరిచయం చేసి, 2000లో వాటిపై పేటెంటు పొందింది.

అసలు మలుపు చైనాకు చెందిన వరల్డ్‌సెమి సంస్థ తయారుచేసిన డబ్ల్యుఎస్2811, డబ్ల్యుఎస్2812 చిప్‌లతో వచ్చింది. రెండవదానిలో నియంత్రణ చిప్ దీపంలోనే ఇమిడి ఉంది. పట్టీలోని మొదటి దీపం తనకు అందిన తొలి 24 బిట్లను ఉంచుకొని, మిగిలినవాటిని తరువాతి దీపానికి పంపుతుంది. బంతిలో కూర్చున్నవారు తమ వంతు వడ్డించుకొని గిన్నెను పక్కవారికి అందించినట్లే ఇది. ఇక్కడ వరుసలోని స్థానమే చిరునామా. పట్టీని కత్తిరించినా, అతికించినా ఏ చక్రమూ తిప్పనక్కరలేదు. ఈ సౌలభ్యమే దానిని ఇళ్లకు చేర్చింది.

దీనికి మూల్యమూ ఉంది. ఒక దీపం చెడిపోతే దాని తరువాతివాటికి సంకేతం అందదు. ఈ లోపాన్ని గుర్తించే తరువాతి డబ్ల్యుఎస్2813లో రెండవ సంకేతమార్గాన్ని చేర్చారు.

3. పెట్టెపై పడిన భారం

దీపాలకు చిరునామా లేనందున ఏ దీపానికి ఏ రంగో పెట్టెయే గుర్తుంచుకోవాలి. 300 దీపాలకు 900 బైట్ల స్మృతి అవసరం. 2005లో ఇటలీలో ఆరంభమైన ఆర్డువినో కుటుంబంలోని ఊనో బోర్డుకున్న స్మృతి 2,048 బైట్లు మాత్రమే. ఒక్కొక్క బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు చొప్పున 300 దీపాలకు 9 మిల్లీసెకన్లు పడతాయి. ఆ వ్యవధిలో ఊనో మరే పనికీ స్పందించలేదు. రిమోట్ సంకేతాలు జారిపోయేవి. 2014లో వచ్చిన ఇఎస్‌పి8266తో తక్కువ ధరలో వైఫై లభించగా, 2016 నాటి ఇఎస్‌పి32లో ఈ సంకేతాలను పంపడానికి ప్రత్యేక విభాగమే ఉంది. మూలసంకేతం బహిరంగంగా లభించే డబ్ల్యుఎల్ఇడి వంటి సాఫ్ట్‌వేర్ తోడవడంతో, ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా ఫోను నుంచి దీపాలను నడపగలిగారు.

అయితే సాఫ్ట్‌వేర్ తీర్చని సమస్యలు రెండున్నాయి. ఇఎస్‌పి బోర్డులు 3.3 వోల్టుల సంకేతం ఇస్తాయి. 5 వోల్టులతో నడిచే డబ్ల్యుఎస్2812బి కనీసం 3.5 వోల్టులు కోరుతుంది. అందుకే మధ్యలో సంకేతపు వోల్టేజిని పెంచే చిప్ అమర్చాలి. రెండవది కరెంటు. తెల్లని పూర్తి కాంతిలో దీపానికి సుమారు 60 మిల్లీఆంపియర్లు చొప్పున 300 దీపాలకు 18 ఆంపియర్లు కావాలి. 5 వోల్టులే కదా అని సన్నని తీగ వాడితే షాక్ తగలకపోవచ్చు గాని తీగ వేడెక్కి నిప్పంటుకోవచ్చు. తగిన మందం గల తీగలు, ఫ్యూజు, పట్టీకి పలుచోట్ల విద్యుత్తు అందించే ఏర్పాటు తప్పనిసరి.

4. ముగింపు

ఎక్స్-10 కాలంలో గృహస్థుడు చిరునామాను మాత్రమే ఎంచుకొనేవాడు. పరికరపు భద్రతను తయారీదారు చూసుకొనేవాడు. నేడు చిరునామా ఎంచుకొనే పని పోయింది, కాని విడిభాగాలు తెచ్చి పెట్టెను తానే కూర్చుకొనే గృహస్థుడు ఆ భద్రతా భారాన్ని తనపై వేసుకుంటున్నాడు. ‘అడ్రెసబుల్’ అన్న పేరు ఈ మార్పిడిని మరుగుపరుస్తున్నది. ‘వరుసక్రమ దీపపట్టీ’ అంటే దాని పనితీరు, బలహీనత రెండూ పేరులోనే తెలుస్తాయి. పెట్టె తలుపు తీసేవారికి ముందుగా తెలియవలసినవి ఆ రెండే.