పుకారుకు ఎదురు మోగిన డప్పు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో దొంగతనమో హత్యో జరిగితే ఆ కబురు చాలాకాలం సంతలోని మాటగానో, దండోరాగానో, అంటే డప్పు కొట్టి ఊరంతటికీ చేసే చాటింపుగానో పాకేది. 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన హైదరాబాదు నుంచి ‘గోలకొండ’ పత్రికలు వెలువడ్డాక, అచ్చయిన వార్తకు పేరుపెట్టి నిలదీయగల సంపాదకుడు ఏర్పడ్డాడు.

అలాంటి బాధ్యుడే లేని వార్త 2018 వేసవిలో వాట్సాప్‌లో వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ, ఎక్కడివో దృశ్యాలను తమ ప్రాంతానివిగా చూపిన వీడియోలు, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016లో విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెలకు చేరగా, ఎండాకాలం ఆరుబయట నిద్రించే జనం భయంతో తలుపులు మూసుకున్నారు. ఆ భయం ఎంత ప్రాణాంతకమో అదే ఏడు జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో తేలింది; అక్కడ గుంపు చేతిలో అయిదుగురు నిరపరాధులు హతులయ్యారు. గద్వాలలో మాత్రం ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊరూరా తిరిగి, ఆ పాత డప్పునే ఆశ్రయించి, జానపద బాణీల్లో కట్టిన పాటలతో అబద్ధాన్ని విడమరిచారు. తెర మీది బొమ్మను నమ్మిన జనం ఎదుట నిలబడి పాడే, ప్రశ్నిస్తే బదులిచ్చే మనిషిని అంతకన్నా ఎక్కువ నమ్మడమే ఈ ప్రయత్నంలో అత్యంత విలువైన అంశం. కానిస్టేబుళ్లు గ్రామాల వాట్సాప్ బృందాల్లోనూ సభ్యులుగా చేరారు.