పాతకాలపు కార్లలో బ్రేక్ మాస్టర్ సిలిండర్ మార్పిడి: తెలుసుకోవలసిన అంశాలు

బ్రేక్ పెడల్‌పై పాదం మోపిన బలాన్ని ద్రవపీడనంగా మార్చి చక్రాలకు పంపే భాగమే మాస్టర్ సిలిండర్. నేటి కార్లలో ఇది రెండు వేర్వేరు మార్గాలుగా పనిచేస్తుంది. ఒకటి విఫలమైనా రెండవది బండిని ఆపగలదు. 1950, 1960 దశకాల నాటి కార్లలో అధిక భాగానికి ఈ వెసులుబాటు లేదు. ఒకే పిస్టన్, ఒకే మార్గం. రూపాయి నాణెమంత రబ్బరు కప్పు చిరిగితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, హ్యాండ్‌బ్రేక్ మాత్రమే మిగులుతుంది. ఈ ప్రమాదం దృష్ట్యానే అమెరికా 1968 జనవరి నుంచి కొత్త కార్లకు రెండు మార్గాల బ్రేకులను తప్పనిసరి చేసింది.

అందువల్ల పాత కారులో మాస్టర్ సిలిండర్ మార్చడం నాలుగు బోల్టుల పనిగా కనిపించినా, దానిని ఆ దృష్టితో చేయరాదు.

నిలిచి ఉన్న బండికే ముప్పు ఎక్కువ

సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్ వంటి ప్రాంతాలకు అరేబియా సముద్రం ఎంతో దూరం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ విపరీతంగా ఉంటుంది. ఆ నెలల్లో పాత కార్ల యజమానులు సాధారణంగా బండిని బయటకు తీయరు. నిబంధనలు కూడా అందుకు తోడయ్యాయి. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా ‘వీఏ’ అక్షరాల శ్రేణిలో నమోదు చేసుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డుపైకి తేవాలి. ఏడాదిలో అధిక కాలం అది షెడ్డులోనే ఉంటుందన్నమాట.

సాధారణ బ్రేక్ ఆయిల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆయిల్ డబ్బా మూతలోని సన్నని రంధ్రం ద్వారా, రబ్బరు గొట్టాల గుండా కూడా నీటి ఆవిరి లోపలికి చేరుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అందులో 3.7 శాతం నీరు చేరితే అది 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4 విషయంలో ఈ అంకెలు 230, 155. ఆ నీరే పోత ఇనుముతో చేసిన సిలిండర్ లోపలి గోడను తుప్పు పట్టిస్తుంది. పెడల్ నొక్కకుండా నెలల తరబడి ఉంటే పిస్టన్ ఆగే చోటుకు ముందున్న భాగం గరుకుగా మారుతుంది. తిరిగి బండి తీసిన రోజున రబ్బరు కప్పు ఆ గరుకుపైనే రాసుకుపోతుంది.

లోపం ఎక్కడుందో ముందు నిర్ధారించుకోవాలి

పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం నొక్కి ఉంచాలి. బయట ఎక్కడా కారకుండానే అది నెమ్మదిగా కిందికి దిగితే, సిలిండర్ లోపల కప్పును దాటి ఆయిల్ వెనక్కి పోతున్నట్లు. చక్రాల వద్ద తడి లేకుండా డబ్బాలో మట్టం తగ్గుతుంటే, పుష్ రాడ్ వద్ద ఉన్న రబ్బరు తొడుగును ఎత్తి చూడాలి. అక్కడ తడి ఉంటే వెనుక సీలు పోయినట్లే. రెండు మూడుసార్లు కొట్టిన తర్వాతే పెడల్ గట్టిపడితే కారణం వేరు కావచ్చు: గొట్టాల్లో గాలి చేరి ఉండాలి, లేదా డ్రమ్ములకు, బ్రేక్ షూలకు మధ్య ఎడం పెరిగి ఉండాలి. షూలు సర్దకుండానే సిలిండర్ మార్చి, ఫలితం లేక నిట్టూర్చేవారు తక్కువేమీ కాదు.

విడిభాగం ఎంపిక

అంబాసిడర్ తయారీ ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే వరకు సాగింది కాబట్టి దాని విడిభాగాలు ఇప్పటికీ కొంత సులభంగా దొరుకుతాయి. ల్యాండ్‌మాస్టర్, బేబీ హిందుస్థాన్, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి వాటి విషయంలో వెతుకులాట తప్పదు. దశాబ్దాల క్రితం తయారై పెట్టె విప్పని పాత సరుకు దొరికితే సంబరపడతారు. కానీ వాడకపోయినా రబ్బరు వయసు ఆగదు. అటువంటి సిలిండర్‌ను విప్పి, కొత్త కిట్టు వేసిన తర్వాతే బిగించాలి.

దొరికినదేదో బిగించడం ఇంకా ప్రమాదకరం. లోపలి వ్యాసం ముప్పావు అంగుళం ఉన్న చోట ఏడెనిమిదో వంతుల, అంటే 0.875 అంగుళాల సిలిండర్ పెడితే పిస్టన్ వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అదే బ్రేకింగ్‌కు కాలితో అంత ఎక్కువ బలం వేయాలి. బ్రిటిష్ మూలం గల కార్ల గొట్టపు మరలు అంగుళాల కొలతలో, ఫియట్ వంశానికి చెందిన పద్మినివి మెట్రిక్ కొలతలో ఉంటాయి. రెండూ చూడటానికి దగ్గరగా ఉంటాయి, బలవంతంగా తిప్పితే కొంత దూరం ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత కారతాయి. డ్రమ్ బ్రేకుల సిలిండర్‌లో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉండవచ్చు. డిస్కు బ్రేకులకు అది పనికిరాదు, చక్రం పట్టేస్తుంది.

సరైన భాగం దొరకనప్పుడు అసలు సిలిండర్‌నే లోపల తొలిచి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి స్లీవ్ వేయించడం మేలైన మార్గం. లోపలి గోడపై గుంటలు పడి ఉంటే సానపెట్టి కిట్టు మార్చడం వల్ల ఒరిగేది లేదు.

విప్పడం, బిగించడం

బండిని చదునైన నేలపై నిలిపి చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టాలి. కిందికి దూరవలసి వస్తే జాకీని నమ్మక, స్టాండ్లపై ఆనించాలి. బేబీ హిందుస్థాన్‌కు మాతృక అయిన మోరిస్ మైనర్‌లో సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఛాసిస్ దూలంలో ఉంటుంది. ఆయిల్ మూత కోసమే కార్పెట్ ఎత్తాలి. పక్కనే ఉన్న టార్షన్ బార్ బోల్టులకు అడ్డు వస్తుంది. అందుకే అటువంటి కార్లలో ఈ పని ఒక పూటతో తెమలదు.

పాత ఆయిల్‌ను సిరంజితో తోడేయాలి. పెయింట్‌పై పడితే రంగు లేస్తుంది, వెంటనే నీటితో కడగాలి. గొట్టపు నట్లకు మామూలు పానా కాకుండా, నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ పానా వాడాలి. భాగాలను పెట్రోలు, కిరోసిన్‌లతో కడగరాదు. ఖనిజ నూనె చుక్క తగిలినా సీళ్లు ఉబ్బుతాయి.

కొత్త సిలిండర్‌ను బల్లపై వైస్‌లో పట్టి, ఆయిల్ నింపి, పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కుతూ బుడగలు ఆగేవరకు గాలి తీయాలి. గొట్టపు నట్లను మొదట వేళ్లతోనే ఎక్కించి, తర్వాత బోల్టులు, నట్లు బిగించాలి. రాగి వాషర్లు ఉంటే కొత్తవే వేయాలి. అనంతరం చక్రాల వద్ద గాలి తీయడం దూరపు చక్రంతో మొదలవుతుంది. మన కుడిచేతి స్టీరింగ్ కార్లలో సాధారణంగా అది వెనుక ఎడమ చక్రం. తయారీదారు మాన్యువల్ వేరుగా చెబితే అదే పాటించాలి. సిలిండర్ మార్చకుండా కేవలం గాలి తీస్తున్నప్పుడు పెడల్ కింద చెక్కముక్క పెట్టడం మంచిది. లేకుంటే పిస్టన్ ఎన్నడూ చేరని తుప్పు భాగం వరకు వెళ్లి కప్పు చిరుగుతుంది.

డాట్ 5 అనేది సిలికోన్ ఆయిల్, దీనిని మిగతావాటితో కలపరాదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 మాత్రం డాట్ 3, డాట్ 4ల గ్లైకాల్ కోవకే చెందుతుంది.

చివరి మిల్లీమీటరు

అధికంగా పొరపాటు జరిగేది పుష్ రాడ్ సర్దుబాటులో. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, ఆయిల్ డబ్బాకు దారితీసే సన్నని రంధ్రం తెరుచుకోవాలి. అందుకు రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఎడం ఉండాలి. అది లేకపోతే వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోలేదు. బండి బయలుదేరేటప్పుడు బాగానే ఉండి, పది కిలోమీటర్ల తర్వాత బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. పరీక్ష సులభం: డబ్బా మూత తీసి, మరొకరిని పెడల్ కొద్దిగా నొక్కమనాలి. ఆయిల్ ఉపరితలంపై చిన్న జల్లు లేస్తే రంధ్రం తెరిచే ఉన్నట్లు. కళ్లద్దాలు ధరించి చూడాలి.

తర్వాత పెడల్‌ను బలంగా తొక్కిపట్టి ప్రతి కీలునూ తడి గుడ్డ కాక, పొడి కాగితంతో తుడిచి చూడాలి. మొదటి ప్రయాణం ఖాళీ స్థలంలో, నడక వేగంతో, హ్యాండ్‌బ్రేక్ పనిచేస్తున్నదని నిర్ధారించుకున్నాకే చేయాలి. మరునాడు ఉదయం బండి తీసే ముందు ఆయిల్ మట్టాన్ని మళ్లీ చూసుకోవాలి.