లవంగ నూనె వెనక నరికిన చెట్లు



హాస్టల్లో రాత్రిపూట ఎవరికైనా పన్ను నొప్పి లేస్తే మనం ముందు వెతికేది లవంగం. పంటి డాక్టర్ దగ్గరికి పోయినా అదే వాసన. ఆ చెట్టు మన అడవిది కాదు, కానీ దాని చరిత్ర మనలాంటోళ్లదే. అందుకే ఈ పోస్టు.

ఇండోనేషియా తూర్పున మలుకు దీవులున్నాయి. లవంగం చెట్టు పుట్టిల్లు అక్కడి టెర్నాటే, టిడోరే లాంటి చిన్న చిన్న దీవులే. ఆ మొగ్గలు ఎప్పుడో మన దేశం చేరాయి. నోటి శుభ్రానికి లవంగం బుగ్గన పెట్టుకొమ్మని చరక సంహితలోనే ఉంది.

1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. లవంగాల వ్యాపారమంతా తన చేతిలోనే ఉండాలనుకుంది. 1652లో టెర్నాటే సుల్తానుతో ఒప్పందం రాయించుకుంది: ఏటా సుల్తానుకి డబ్బు, బదులుగా ఆయన రాజ్యంలో లవంగం చెట్లన్నీ నరికేయాలి. సంతకం పెట్టింది సుల్తాను, చెట్లు పోయింది ఊరోళ్లవి. నరకడానికి పడవల దండు కట్టుకుని దీవి దీవికీ తిరిగారు. దాన్ని 'హోంగీ' అనేవారు. ఆ పడవలకు తెడ్లు వేసింది కూడా బలవంతంగా పట్టుకొచ్చిన దీవులవాళ్లే. ఎదురు తిరిగిన హోఅమోల్ ప్రాంతాన్ని 1656 నాటికి ఖాళీ చేయించి, మిగిలిన జనాన్ని అంబాన్‌కి తరలించారు. అంబాన్‌లో మాత్రం లవంగం పెంచాలి, కంపెనీ చెప్పిన ధరకే అమ్మాలి.

1770లో ఫ్రెంచివాళ్లు దొంగచాటుగా మొక్కలు మారిషస్ చేర్చాక ఆ గుత్తాధిపత్యం సడలింది. తర్వాత జాంజిబార్‌లో తోటలు లేచాయి, బానిసల చెమటతో.

మరి నూనె పనేంటి? నోట్లో సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లమే పన్ను తినేస్తుందని 1890లో మిల్లర్ పుస్తకం రాశాడు. 1924లో క్లార్క్ పుచ్చిన పళ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే జీవిని వేరు చేశాడు. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. అది ఈ జీవి పైపొరను దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో తేలింది, నొప్పినీ మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిపి డాక్టర్లు తాత్కాలికంగా పన్ను నింపేది దీంతోనే. అయితే పుచ్చిన పన్ను నూనెతో బాగుపడదు. ఉత్త నూనె రాస్తే చిగురు కాలుతుంది కూడా. డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. మన తాతలు వేప పుల్ల, కానుగ పుల్ల నమిలి పళ్లు కాపాడుకున్నారు. ఆ వేప నూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద 1994లో యూరప్‌లో ఒక అమెరికన్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకి కలిపి పేటెంటిచ్చారు. మనవాళ్లకి ఇది ముందే తెలుసని వాదించి, 2000లో రద్దు చేయించారు. అప్పీలు కూడా 2005లో పోయింది. అక్కడ గెలిపించింది పాత వాడకానికి చూపించిన రుజువులే.

మలుకు వాళ్లకి తమ చెట్టు మీద హక్కని చూపించే కాగితం లేదు. మనకుంది. 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఫలసాయం మీద సేకరణ, వాడకం, అమ్మకం హక్కు మనదేనంటోంది. కాగితం ఉంటే చాలదు, గ్రామసభలో అడగాలి.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. మీ అవ్వ, తాత పంటికి ఏ పుల్ల, ఏ గింజ నూనె వాడేవాళ్లో అడిగి, కోయలోనో గోండిలోనో సవరలోనో దాని పేరుతో సహా నోట్‌బుక్కులో రాసుకోండి. ఊరి పేరు, తేదీ మర్చిపోకండి.