వుడీ టోపీ మాయమైంది

1998వ సంవత్సరం. కాలిఫోర్నియాలోని పాయింట్ రిచ్మండ్. పిక్సార్ స్టూడియోలో యానిమేషన్ సినిమా ‘టాయ్ స్టోరీ 2’ పనులు జోరుగా సాగుతున్నాయి. ఆ సినిమాకు అసోసియేట్ టెక్నికల్ డైరెక్టరుగా ఉన్న ఓరెన్ జేకబ్, సహోద్యోగి లారీ కట్లర్ మరికొందరితో కలిసి కౌబాయ్ బొమ్మ వుడీ గురించి మాట్లాడుకుంటున్నారు. వాడి టోపీలో ఏదో చిన్న సవరణ చేయాలి. వుడీ ఫైళ్లన్నీ ఉండే డైరెక్టరీలోకి వెళ్లి జాబితా చూశారు. నలభై దాకా ఫైళ్లు కనిపించాయి. మళ్లీ చూశారు.

నాలుగే ఉన్నాయి.

కాసేపటికి ఆ నాలుగూ లేవు. వుడీ ఒక్కడే అయితే ఎవరో పొరపాటున ఆ డైరెక్టరీ చెరిపేశారని సరిపెట్టుకునేవారేమో. కళ్లముందే సినిమాలోని సీక్వెన్సులకు సీక్వెన్సులే పోతున్నాయి. జేకబ్ ఫోన్ అందుకుని, సర్వరు ఉన్న గదిలోని వాళ్లను ప్లగ్గు పీకేయమన్నాడు. అవతలి మనిషి ఎందుకని అడిగాడు. పద్ధతి ప్రకారం యంత్రాన్ని ఆపే వ్యవధి లేదు. ముందు పీకమని జేకబ్ బతిమాలుకున్నాడు. పీకారు. అప్పటికే సినిమాలో 90 శాతం పోయింది.

కారణం ఒక్క వరుస. స్టూడియోలో ఎవరో ఒకరు, ఉండకూడని చోట ఉండి కొట్టిన వరుస: ఆర్ఎం, హైఫన్ ఆర్, హైఫన్ ఎఫ్, స్టార్. వాళ్ల యంత్రాలను నడిపే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ‘ఆర్ఎం’ అంటే చెరిపేయి. ‘ఆర్’ అంటే లోపలున్న డైరెక్టరీలను కూడా వదలకు. ‘ఎఫ్’ అంటే ‘చెరపమంటారా?’ అని నన్ను అడగొద్దు. ఇక ఆ చివరి స్టార్ ఉందే, అసలు కథంతా దానిదే.

స్టారును అర్థం చేసుకునేది చెరిపే కమాండేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆ కమాండు దాకా వెళ్లదు. మనం టైపు చేసిన వరుసను ముందు ‘షెల్’ అనే ప్రోగ్రాం చదువుతుంది. ‘ఏ పేరైనా సరే’ అనే అర్థమున్న స్టార్ కనబడితే ఆ డైరెక్టరీలోకి తొంగిచూసి, సరిపోయే పేర్లన్నీ ఏరి, వాటిని వరుసగా కమాండు చేతికిస్తుంది. తొలినాళ్ల యూనిక్స్‌లో ఈ పని కోసమే ‘గ్లాబ్’ అనే విడి ప్రోగ్రాం ఉండేది. జేపీజీ ఫొటోలు మాత్రమే చూడాలంటే ‘ఎల్ఎస్ స్టార్ డాట్ జేపీజీ’ అని కొడతాం. ఆ జాబితా కట్టేది షెల్లే, ఎల్ఎస్ దాన్ని తెరమీద చూపిస్తుందంతే. ఎల్ఎస్ స్థానంలో ఆర్ఎం ఉంటే అవే పేర్లు అదే వరుసలో చెరిపివేతకు వెళ్తాయి. చూపించమన్నా చంపేయమన్నా షెల్‌కు ఒకటే. స్టారుకీ డాట్ జేపీజీకీ మధ్య వేలు జారి ఒక ఖాళీ పడిందా, కొంప మునిగిందన్నమాటే. ‘స్టార్’ ఒక కోరిక, ‘డాట్ జేపీజీ’ ఇంకో కోరిక అవుతాయి. మొదటి కోరిక కింద డైరెక్టరీలోని ఫైళ్లన్నీ పోతాయి. చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు మాత్రం బతుకుతాయి, ఎందుకంటే స్టార్ మామూలుగా వాటిని పట్టుకోదు.

పిక్సార్‌లో ఫైళ్లు పోయాక అందరికీ ఉన్న ధైర్యం ఒకటే: టేపుల మీద బ్యాకప్ ఉంది. దాన్ని తిరిగి ఎక్కించారు, పని మొదలుపెట్టారు. కొద్దిరోజులకు గానీ తెలిసిరాలేదు, ఆ బ్యాకప్ నెల రోజులుగా సరిగా పనిచేయడం లేదని. వచ్చినవి అరకొర ఫైళ్లు. ఏది కొత్తదో, ఏది పాతదో, ఏది సగం తెగిందో తెలియదు. వాటి మీదే అందరూ కొత్త పని కూడా చేసేశారు. పోయినదాన్ని మళ్లీ తయారు చేయాలంటే 30 మందికి ఏడాది పడుతుందని ఒక లెక్క. అంత గడువు లేదు.

సమావేశం పెట్టారు. పెద్ద తలకాయలన్నీ కూర్చున్నాయి. ఎవరికీ దారి కనబడలేదు. అప్పుడు సూపర్వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సస్మన్‌కు ఓ సంగతి గుర్తొచ్చింది. ఆమెకు కొంతకాలం కిందటే బిడ్డ పుట్టింది. పసిబిడ్డతో ఇంటి నుంచే పనిచేయడానికి ఒక సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రం ఇంట్లో పెట్టుకుంది. సినిమా మొత్తం దానిలోకి కాపీ అవుతూ ఉండేది.

జేకబ్, సస్మన్ ఆమె వోల్వో కారులో ఇంటికి వెళ్లారు. యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి, వెనక సీట్లో పెట్టి, సీటు బెల్టు బిగించారు. దారిలో ఒక్క గట్టి కుదుపు తగిలి డిస్కు దెబ్బతింటే ఇక సినిమా లేదు. నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చారు. స్టూడియో ఆవరణలో జనం ప్లైవుడ్ పలకతో ఎదురొచ్చి, దాన్ని పెళ్లికూతురి పల్లకిలా మోసుకుంటూ లోపలికి తీసుకెళ్లారు.

సినిమావాళ్లు చెప్పేటప్పుడు కథ ఇక్కడితో అయిపోతుంది. నా దృష్టిలో అసలు కష్టం ఇప్పుడే మొదలైంది. ఇంట్లోని కాపీ కొన్నాళ్ల పాతది. ఆఫీసులో ఉన్నది చెడిపోయిన బ్యాకప్, దాని మీద చేసిన కొత్త పని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ప్రతి ఫైలుకూ తీర్పు చెప్పాలి. ఇలాంటి చోట, కమాండ్లను వరుసగా రాసిపెట్టుకునే షెల్ స్క్రిప్టుకు మించిన ఆయుధం లేదు. పేరు చివర డాట్ తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్‌ను బట్టి ఒక రకం ఫైళ్లనే ఏరొచ్చు. ‘ఫైండ్’తో ఫలానా తేదీ తర్వాత మారినవే పట్టుకోవచ్చు. సున్నా బైట్ల ఫైళ్లు విడిగా తీయొచ్చు. రెండు కాపీలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని ‘సీఎంపీ’తో పోల్చవచ్చు. ఒకేలా ఉన్నవాటిని జాబితాలోంచి కొట్టేస్తే మిగిలేవే అనుమానితులు.

అన్నీ పోగా పిక్సార్‌లో అనుమానితులు దాదాపు 30,000 మిగిలాయి. ఇక యంత్రం వల్ల కాదు. ఎక్స్‌టెన్షన్ అన్నది పేరులో ఒక ముక్క మాత్రమే, లోపల సరుకు బాగుందని అది హామీ ఇవ్వదు. శుక్రవారం నుంచి సోమవారం దాకా జనం వంతులేసుకుని, అక్కడే పడుకుని, ఒక్కో ఫైలునూ కళ్లతో చూసి తేల్చారు. చివరి కొద్దిరోజుల పని తప్ప దాదాపు అంతా దక్కింది.

ఆ వరుస కొట్టిందెవరో వెతికి శిక్షించే పని సంస్థ పెట్టుకోలేదు. పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్మల్ తన పుస్తకంలో ఈ సంగతి రాశారు. ఇంత చేసి కాపాడిన సినిమాలో చాలా భాగాన్ని కథ బాగోలేదని తర్వాత వాళ్లే పక్కన పెట్టి, దర్శకుడు జాన్ లాసెటర్ ఆధ్వర్యంలో సుమారు తొమ్మిది నెలల్లో మళ్లీ తీశారు. 1999 నవంబరులో విడుదలైంది. ఇంట్లోని కాపీతో సినిమాను కాపాడిన గాలిన్ సస్మన్ ఉద్యోగం 2023లో పిక్సార్‌లో జరిగిన కోతల్లో పోయింది.

ఈ ఆదివారం మీరూ కంప్యూటర్లో పాత ఫొటోలు ఏరిపారేయాలనుకుంటే, ఆర్ఎం కొట్టాల్సిన చోట అదే నమూనాతో ముందు ఎల్ఎస్ కొట్టండి. వచ్చిన జాబితాను చివరి పేరు దాకా చదవండి. అప్పుడు పైబాణం నొక్కి అదే వరుసను వెనక్కి తెచ్చుకుని, ఎల్ఎస్ తీసి ఆర్ఎం పెట్టండి, మిగతా వరుసను ముట్టుకోకండి. అంతకన్నా ముందు మీ బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చుకుని, తెరుచుకుంటోందో లేదో చూడండి.